దస్తావేజులో ఉన్నాం, హద్దుల్లో లేం

ఇల్లు కొనాలంటే ముందు బయానా ఇవ్వాలి. దానికి రసీదు తీసుకోవాలి. ధర ఖరారు కావాలి, గజం ఎంతో తేలాలి. బ్యాంకువాడు అప్పిస్తే నెలనెలా కిస్తీ కట్టాలి, ఎవరో ఒకరు జామీను ఉండాలి. చివరికి దస్తావేజు. అందులో సదరు స్థలం తాలూకు నాలుగు హద్దులు, అమ్మినవాడి వారసుల పేర్లు, కొన్నవాడికి దఖలు పరిచిన సంగతి. బయానా, రసీదు, ఖరారు, గజం, కిస్తీ, జామీను, దస్తావేజు, సదరు, తాలూకు, హద్దు, వారసుడు, దఖలు - ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చిన మాటలు. వందల ఏళ్లు తెలుగు నోళ్లలో నాని తెలుగైపోయాయి. వీటిని పక్కన పెట్టి ఒక్క దస్తావేజు రాయమనండి, లేఖరి కలం కదలదు.

ఈ మాటలు మావి అని చెప్పుకోవడం నాకిష్టం లేదు. మాట వాడుకున్నవాడిది. అయితే ఇన్ని మాటలకు నట్టింట పీట వేసినవాళ్లు, ఆ మాటల్లాగే వినిపించే పేరున్న మనిషికి వీధిలో నూటయాభై గజాలు అమ్మడానికి ఎందుకు జంకుతారో అడగాలనుంది.

శ్రీకాకుళం నుంచే మొదలుపెడదాం. కుతుబ్‌షాహీల కాలంలో ఇది ఫౌజుదారు మకాం. ఇంగ్లీషువాళ్లు చికాకోల్ అన్నారు. ఊళ్లోని జామియా మసీదును ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. పాత గుడి రాళ్లతో కట్టించాడన్న మాట కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి చరిత్ర చెప్పుకోవాల్సిన అవసరం మాకు లేదు. ఆ ఫౌజుదారు వెంట కొలువుకు వచ్చిన కుటుంబాల్లో రెండు తర్వాత సంస్థానాలయ్యాయి. ఒకటి పూసపాటివారిది, విజయనగరం. రెండోది వెంకటగిరి నుంచి వచ్చిన వెలమదొరలది, బొబ్బిలి. షేర్ అంటే పులి. తనను ఆదరించిన ఫౌజుదారు పేరు మీద ఆ దొర తన కోటకు పెద్దపులి అని పేరు పెట్టుకున్నాడనీ, అది పెబ్బులై, బొబ్బిలై నిలిచిందనీ గెజిటీర్లు చెబుతాయి. తెలుగువాడి పౌరుషానికి గుర్తుగా బుర్రకథల్లో మోగే ఆ ఊరి పేరు ఒక ముసల్మాను పేరుకు తెలుగుసేత. తాండ్ర పాపారాయుడి కథ విని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

విజయనగరం కథ ఇంకా చిత్రం. 1713లో కోట కట్టేముందు దానికి చోటు చూపించింది అక్కడి అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీరు అని అంటారు. కథే కావచ్చు. కానీ దాన్ని ఇన్ని తరాలుగా చెప్పుకుంటూ వచ్చింది మేం కాదు, ఆ ఊరే. రాజుకు ఇంటిస్థలం చూపించినవాడు ఫకీరు! అదే ఊళ్లో ఖాదర్ వలీ బాబా దర్గా ఉన్న బాబామెట్టలో ఇళ్లు లేచాయి. అడ్రసులో బాబామెట్ట అని రాసుకోవడానికి ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇది చదివి మమ్మల్ని నవాబుల వారసులనుకునేరు. ఆ మాట మాకు చిన్నప్పట్నుంచీ తిట్టులాగే తగిలింది. ఏ నవాబు? ఏ వారసత్వం? సనదులు పొందినవాళ్లు దొరలయ్యారు. ఉత్తర సర్కారులను 1753లో సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్లకిచ్చాడు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం ఇంగ్లీషువాళ్లకు ఫర్మానా రాశాడు, మరుసటేడు నిజాం ఒప్పుకున్నాడు. ఇచ్చినవాళ్లు మా మతంవాళ్లే. సిపాయినో, దూదేకులవాణ్నో, మసీదు దగ్గర అత్తరు అమ్మేవాణ్నో ఎవరూ అడిగి ఇవ్వలేదు. ఫౌజుదారీ పోయాక ఫౌజుకు పని పోయింది. 1802 తర్వాత వచ్చిన శాశ్వత సెటిల్మెంటు భూమిని జమీందార్లకు ఖాయం చేసింది. మా తాతలకు మిగిలింది మసీదు చుట్టుపక్కల ఇరుకు సందుల్లో పెంకుటిళ్లు.

ఆ ఇళ్ల సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడుంది. తాత పోతే షరియతు ప్రకారం కొడుకులకు ఒక వాటా, కూతుళ్లకు అందులో సగం, భార్యకు ఎనిమిదో వంతు. లెక్క కచ్చితం, కాగితం మాత్రం ఉండదు. పంపకాలు నోటిమాటగా జరిగిపోతాయి. మూడు తరాలు గడిచేసరికి ఒక్క పెంకుటింటికి ఇరవైమంది హక్కుదారులు. కొందరు విశాఖలో, కొందరు ఖరగ్‌పూర్‌లో. అందరి సంతకాలూ దొరకవు. ఆ ఇంటిని అమ్మలేం, తాకట్టు పెట్టలేం, పడగొట్టి కట్టుకోలేం. కాబట్టి మాలో ఉద్యోగం దొరికినవాడికి సొంతిల్లంటే ఊరి చివర కొత్త లేఅవుటే దిక్కు.

అక్కడ పోటీ ఎలాంటిదో ఈ రెండు జిల్లాలవాళ్లకు చెప్పక్కర్లేదు. 1978లో వుడా వచ్చింది. విశాఖ విస్తరిస్తూ ఆనందపురం, తగరపువలస దాటి విజయనగరం పొలాల్లోకి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక వేగం పెరిగింది. 2019లో విశాఖ పరిపాలనా రాజధాని అన్నారు. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన చేశారు. ప్రతి ప్రకటనకూ హైవే పక్క జీడితోటల్లో కొత్తగా రంగురాళ్లు పాతారు. ఎచ్చెర్ల దగ్గర ట్రిపుల్ ఐటీ ఉన్న ఊరిని అందరూ ఎస్.ఎం.పురం అంటారు. ఆ పొడి అక్షరాలు విప్పితే షేర్ మహమ్మద్‌పురం.

ధరలు పడిపోయి, కొనేవాడు లేక బోర్డు వెలిసిపోయిన రోజుల్లో ఏ పేరుతో వచ్చిన డబ్బైనా డబ్బే. ఒక సైటుకు పదిమంది వచ్చినప్పుడే అమ్మేవాడు మనుషుల్ని ఏరుకోగలడు. అప్పుడు పేరు జల్లెడవుతుంది. మాలో ఒక హైస్కూలు మాస్టారు మూడేళ్లు తిరిగాడు. ఫోనులో మాట్లాడితే ఆయన తెలుగు విని, "ఈస్టు ఫేసింగండి మాస్టారూ, రేపొచ్చి చూసుకోండి" అంటారు. పేరు చెప్పాక "ఆ సైటు అయిపోనాదండి" అంటారు. మరుసటి నెల కూడా అక్కడ బోర్డు అలాగే ఉంటుంది. ఒక్క బ్రోకరు మాత్రం టీ తాగించి నిజం చెప్పాడట. "నాకేటీ నేదు మాస్టారూ. మీకిచ్చీసినాననుకోండి, మిగతావోళ్లు అడుగుతారు, పక్కన ఎవులికిచ్చినావని. మరింక మిగిలిన సైట్లు కదలవు."

ఆ బ్రోకరు మీద నాకు కోపం లేదు. మతం పేరెత్తకుండా మార్కెట్టు ఎలా పనిచేస్తుందో నాలుగు ముక్కల్లో చెప్పాడు. ద్వేషం అక్కర్లేదు, పక్కవాడు ద్వేషిస్తాడేమోనన్న అనుమానం చాలు. మాల మాదిగలకు ఇది కొత్త కాదు. "మీరేటోళ్లండి?" అన్న ప్రశ్న వాళ్లు మాకంటే ఎక్కువసార్లు విన్నారు. మాలోనే సయ్యదులూ దూదేకులవాళ్లూ వియ్యమందుకునే విషయంలో ఎంత దూరం పాటిస్తారో కూడా మాకు తెలుసు. ఆ మాట చెప్పకుండా ఈ మాట చెప్పే హక్కు లేదు.

అమెరికాలో నల్లవాళ్లకు ఇల్లమ్మకూడదని దస్తావేజుల్లోనే షరతు రాసేవారు. 1948లో అక్కడి సుప్రీంకోర్టు అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదంది, 1968లో చట్టమొచ్చింది. మనకు అలాంటి కేంద్ర చట్టం లేదు. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణం ఉంది, హోటలుంది, బావి ఉంది, రోడ్డుంది. ఇల్లమ్మడం అన్న మాట లేదు. 2005లో అహ్మదాబాదు పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు, సభ్యత్వాన్ని తమవాళ్లకే పరిమితం చేసుకునే నిబంధన చెల్లుతుందని చెప్పింది. గుజరాత్‌లో 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం కింద, ప్రకటించిన పేటల్లో ఇల్లమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. అల్లర్ల తర్వాత భయంతో ఇళ్లు అమ్ముకోకుండా కాపాడ్డానికి తెచ్చిన చట్టం. చివరికి ఎవరి పేట వారిదే అయిపోయింది.

బ్యాంకు సంగతి: ముస్లింలు ఎక్కువున్న కొన్ని పేటలను అప్పులివ్వడానికి పనికిరాని ప్రాంతాలుగా కొన్ని బ్యాంకులు గీతగీశాయని 2006లో సచార్ కమిటీ రాసింది. వడ్డీ హరామని మాలో కొందరు ఆ గుమ్మమే తొక్కరు. వడ్డీ లేని బ్యాంకింగ్ ప్రతిపాదనను 2017లో రిజర్వు బ్యాంకు పక్కన పెట్టేసింది.

హైదరాబాదులోనైతే ఎక్కడా దొరక్కపోయినా పాతబస్తీ ఉంది. అదీ గోడే, కానీ గోడకు లోపల కొంత నీడైనా ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేం నూటికి ఒక్కరం కూడా లేం. గుంపుగా విడిగా బతుకుదామన్నా సరిపోయేంతమందిమి కాదు. ఇక్కడి ముసల్మాను పక్కింటివాడు ముసల్మాను కాడు, ఎప్పుడూ కాలేదు. మా పండగ సేమ్యా వాళ్లింటికి, వాళ్ల సంక్రాంతి అరిసెలు మా ఇంటికి. అదేదో గొప్పగా చెప్పుకునే సామరస్యం కాదు, వీధి అంతే. పాత వీధిలో ఉన్న ఆ పొరుగు కొత్త లేఅవుట్లో లేదు. అక్కడ గేటుంది, వాచ్‌మన్ ఉన్నాడు, పొరుగును డబ్బు పెట్టి ఏరుకుంటున్నారు.

2020 డిసెంబరు 25న ప్రభుత్వం ఆడవాళ్ల పేర ఇళ్లపట్టాలు పంచడం మొదలుపెట్టింది. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటంటే నలభై ఎనిమిది గజాల పైచిల్లర. దూరమనీ, పల్లమనీ, ఇరుకనీ ఎన్ని విమర్శలున్నా, ఆ వరసలో మా ఆడవాళ్ల పక్కన ఎవరికి స్థలం పడాలో ఏ బ్రోకరూ తేల్చలేదు.

మాస్టారికి చివరికి స్థలం దొరికింది, లేఅవుట్లో కాదు. ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్న ఒక రైతుబిడ్డ రోడ్డు పక్క తన పొలంలో నూటముప్ఫై గజాలు కొలిచి ఇచ్చాడు. ధర తగ్గించలేదు, మాస్టారూ అడగలేదు. మరుసటి ఏడు ఆ కుర్రాడు పక్క ముక్క ఇంకొకరికి అమ్మాడు. ఆ దస్తావేజులో పడమర హద్దుగా మాస్టారి పేరు రాశారు, షేక్‌తో సహా. కొన్నాయన కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ రెండుసార్లు చదివి, సంతకం చేశాడు.