ఉంగరం లోపలి రాయి: హోపీ నగల కళాకారుడు చార్లెస్ లొలోమా

రెండేళ్ల కిందట హాస్టళ్ల మధ్య హస్తకళల పోటీ పెట్టారు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, వాళ్ల అవ్వ పూసల పేరుకు పాత మోటారులోంచి తీసిన రాగితీగ కలిపి కొత్తరకం హారం అల్లింది. చూడవచ్చినవాళ్లు "బాగుంది గానీ ట్రైబల్‌గా లేదు" అని పక్కన పెట్టేశారు. "నేను ట్రైబలే కదా మేడం, నేను చేసింది కాకుండా ఎట్లా పోతుంది?" అని అడిగింది ఆ పిల్ల. అప్పుడు నేను ఆమెకు చెప్పిన కథే ఇది.

చార్లెస్ లొలోమా 1921లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, హోట్‌విల్లా అనే ఊళ్లో పుట్టారు. హోపీ తెగవారు. ఆ ఊరి పుట్టుకలోనే ఒక పోరాటం ఉంది. పిల్లల్ని సర్కారు బడికి పంపబోమని, భూముల్ని ముక్కలు చేయనివ్వబోమని ఎదురు నిలిచినందుకు 1894లో ఒరైబీ గ్రామానికి చెందిన 19 మంది హోపీ మగవాళ్లను పట్టుకుని, మరుసటి ఏడు అల్కట్రాజ్ ద్వీపంలో బంధించారు. 1906లో ఒరైబీ రెండుగా చీలింది. తలవంచనివాళ్లు బయటికి నడిచి హోట్‌విల్లా కట్టుకున్నారు. సైనికులు అక్కడికీ వచ్చి పిల్లల్ని బోర్డింగు బడికి తీసుకుపోయారు. హాస్టల్ నడిపేదాన్ని కనుక ఈ పేజీ నేను తొందరగా తిప్పలేను. తల్లి నమ్మి అప్పగించిన పిల్ల వేరు, ఆమె చేతిలోంచి లాక్కున్న పిల్ల వేరు.

లొలోమా మొదట నగలు చేయలేదు. కుర్రతనంలో గోడచిత్రాలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు. తిరిగొచ్చాక న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్‌ఫ్రెడ్ విశ్వవిద్యాలయంలో భార్య ఒటెలీతో కలిసి కుండల కళ చదివారు. 1950లలో స్కాట్స్‌డేల్‌లో దుకాణం పెట్టి, అక్కడే నగల వైపు మళ్లారు.

ఇండియన్ నగ అంటే వెండి, టర్కాయిస్ రాయి అని కొనేవాళ్ల లెక్క. ఈయన బంగారం, వజ్రం, పగడం, దంతం, నీలి లాపిస్, చివరికి కర్రముక్క కూడా పొదిగారు. ఆయన కడియాల మీద రాళ్లు ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా నిలబడి ఉంటాయి. అవి హోపీ కొండ అంచులు, ఆ కొండలపై పేర్చిన ఇళ్ల రాతిగోడలు. చూస్తే తెలియకపోవచ్చు, ఆ ఊరివాళ్లకు తెలుస్తుంది. కొన్ని ఉంగరాలకు, కడియాలకు మేలైన రాళ్లను లోపలివైపు, చర్మానికి తగిలేచోట పొదిగారు. పెట్టుకున్న మనిషికి తప్ప ఎవరికీ కనబడవు. మనిషికి అందం లోపల కూడా ఉంటుందని ఆయన భావన.

గాలప్‌లో ఏటా జరిగే అంతర్‌తెగల ఉత్సవ ప్రదర్శన ఆయన పనిని మూడుసార్లు తిప్పి పంపింది. కారణం, అది ఇండియన్‌గా లేదట! పుట్టుకతో హోపీ, మొక్కజొన్న పండించే హోపీ రైతు. ఆయన చేతి పనికి ఆ ముద్ర వేసే హక్కు ఇంకొకరికి ఎక్కడిది? ఆయన మాత్రం వెండి, టర్కాయిస్‌ల మూసలోకి తిరిగి వెళ్లలేదు. తరువాత స్కాట్స్‌డేల్ ప్రదర్శనల్లో మొదటి బహుమతులు వచ్చాయి. 1962లో శాంటాఫేలో తెరిచిన అమెరికన్ ఇండియన్ కళల సంస్థలో పాఠాలు చెప్పారు. ఆ తరువాత హోట్‌విల్లాకే తిరిగొచ్చి, అక్కడే పనిశాల కట్టుకున్నారు.

1991లో ఆయన పోయారు. ఆయన దగ్గర ఏళ్ల తరబడి పని నేర్చుకున్న మేనకోడలు వెర్మా నెక్వతేవా, సొన్వయ్ అనే పేరుతో నగలు చేస్తున్నారు. హోపీలో లొలోమా అంటే అందం. సొన్వయ్ అన్నా అందమే, ఆడవాళ్ల నోటి మాటలో.