సూరత్: పిల్లల ఊబకాయంలో మూడు తరగతులు, గుండెకు పొంచి ఉన్న ముప్పు

తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి అని గుజరాతీలో ఒక సామెత ఉంది. పొద్దున్నే లోచో, ఖమణ్, చందీ పడవో పండక్కి నేతితో చేసే ఘారీ... బట్టలు, వజ్రాల వ్యాపారంతో ఎదిగిన ఈ నగరానికి తిండి అంటే అంత ఇష్టం. మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాల పిల్లలూ ఈ రుచుల మధ్యే పెరుగుతున్నారు. మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడిపేంత పెద్ద సమాజం అది.

పిల్లాడు బొద్దుగా ఉంటే మన ఇళ్లలో వినిపించే మాట ఒకటే: 'ఎదిగే వయసు కదా, పొడుగైతే అదే సర్దుకుంటుంది.' కొంచెం బరువెక్కిన పిల్లల్లో కొందరి విషయంలో ఇది నిజం కావచ్చు. కానీ ఊబకాయం తీవ్రంగా ఉన్న పిల్లల విషయంలో ఈ మాట నమ్ముకుని కూర్చుంటే విలువైన సమయం చేజారుతుంది.

సమస్య ఎంత పెద్దది?

2022లో ప్రపంచంలో 5 నుంచి 19 ఏళ్ల మధ్య వయసువారిలో సుమారు 16 కోట్ల మందికి ఊబకాయం ఉందని 2024లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన అంతర్జాతీయ విశ్లేషణ అంచనా వేసింది. అందులో భారత్ వాటా సుమారు 1.25 కోట్లు. 1990లో మన దేశంలో ఈ సంఖ్య 4 లక్షల దగ్గర ఉండేది.

గుజరాత్‌లో ఇంకో చిక్కు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 39 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే వయసులో అధిక బరువు ఉన్నవారి వాటా మునుపటి సర్వేలోని 1.9 శాతం నుంచి 3.9 శాతానికి పెరిగింది. పోషకాహార లోపం పోకముందే ఊబకాయం వచ్చి పక్కన కూర్చుంది.

తీవ్రతను ఎలా కొలుస్తారు?

కిలోల్లో బరువును ఎత్తు (మీటర్లలో) వర్గంతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. పెద్దలకైతే ఒకే అంకె సరిపోతుంది. పిల్లలకు వయసు, ఆడ-మగ తేడాను బట్టి పట్టిక చూడాలి. 5 నుంచి 18 ఏళ్ల భారతీయ పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో సవరించిన పట్టికలు ఇచ్చింది. పెద్దల్లో 23కు సమానమైన గీత దాటితే అధిక బరువు, 27కు సమానమైన గీత దాటితే ఊబకాయం.

తీవ్రతను విడదీయడానికి అమెరికా వైద్యులు మూడు తరగతులు వాడతారు. వయసు పట్టికలో 95వ పర్సంటైల్ వాళ్ల ఊబకాయ గీత. అక్కడి నుంచి దానికి 120 శాతం వరకు మొదటి తరగతి. 120 నుంచి 140 శాతం వరకు రెండోది. 140 శాతం, ఆపైన మూడోది. ఒక పిల్లవాడి వయసుకు ఆ గీత బీఎంఐ 25 దగ్గర ఉందనుకుందాం. 25 దాటితే మొదటి తరగతి, 30కి చేరితే రెండోది, 35కి చేరితే మూడోది.

తరగతి మారితే ఏం మారుతుంది?

1999-2012 మధ్య అమెరికా జాతీయ సర్వేలో పాల్గొన్న, 3 నుంచి 19 ఏళ్ల వయసున్న 8,579 మంది అధిక బరువు, ఊబకాయం ఉన్నవారి వివరాలను పరిశోధకులు విశ్లేషించారు. ఫలితాలు 2015లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చాయి. తీవ్రత పెరిగేకొద్దీ మంచి కొలెస్టరాల్ అయిన హెచ్‌డీఎల్ తగ్గడం, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు, మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పెరగడం వంటి ముప్పులు ఎక్కువయ్యాయి. ఈ తేడా మగపిల్లల్లో మరింత స్పష్టంగా కనిపించింది.

కారణం పొట్ట లోపల పేరుకునే కొవ్వు. అది కాలేయానికి చేరి ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది. ఇన్సులిన్ మాట శరీరం వినడం తగ్గిపోతుంది. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేయాల్సి వస్తుంది. యుక్తవయసులో ఇన్సులిన్ పనితీరు సహజంగానే కొంత మందగిస్తుంది కాబట్టి ఆ వయసులో భారం రెట్టింపవుతుంది.

సన్నగా పుట్టినా ముప్పేనా?

ఢిల్లీలో పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన దాదాపు 1,500 మందిపై అధ్యయనం 2004లో వెలువడింది. యవ్వనంలో మధుమేహం లేదా దానికి ముందు దశ కనిపించినవారిలో ఎక్కువమంది పసితనంలో సన్నగా ఉండి, తర్వాత బాల్యంలో వేగంగా బరువు పెరిగినవారే. వారిలో చాలామంది చిన్నప్పుడు ఊబకాయులు కూడా కారు. అందుకే ఒకసారి తీసిన బరువు కంటే ఏటేటా గీత ఎటు పోతోందన్నది ముఖ్యం.

2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో దేశంలోని 10-19 ఏళ్లవారిలో అధిక బరువు 5 శాతం మందిలోనే కనిపించింది. మధుమేహానికి ముందు దశ మాత్రం 10 శాతం మందిలో తేలింది. పైకి సన్నగా ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు.

తల్లిదండ్రులు ఏం గమనించాలి?

మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారితే చాలామంది మురికి అనుకుని రుద్దుతారు. అది తరచుగా ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. రాత్రి గట్టిగా గురక, పగలు నిద్రమత్తు, ఆడపిల్లల్లో నెలసరి తప్పడం కూడా డాక్టరుకు చెప్పాల్సిన విషయాలే. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటితే జాగ్రత్త పడాలి. దీనికి దర్జీ టేపు చాలు.

పదేళ్లు దాటిన పిల్లలకు ఊబకాయం ఉంటే కొలెస్టరాల్, రక్తంలో చక్కెర, కాలేయ పరీక్షలు చేయించాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2023 మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీపీని పిల్లల చేతికి సరిపోయే పట్టీతోనే చూడాలి. పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువగా, పెద్దదైతే తక్కువగా చూపిస్తుంది.

వెనక్కి తిప్పవచ్చా?

తిప్పవచ్చు. నాలుగు దీర్ఘకాలిక అధ్యయనాల్లోని 6,328 మంది వివరాలను కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణ ఈ విషయంలో ఆశ కలిగిస్తుంది. చిన్నప్పుడు బరువెక్కువగా ఉండి, పెద్దయ్యేసరికి ఊబకాయం నుంచి బయటపడినవారికి మధుమేహం, రక్తపోటు ముప్పు, ఎప్పుడూ ఊబకాయం లేనివారితో సమానంగానే ఉంది.

ఎదిగే పిల్లల కడుపు మాడ్చకూడదు. ఊబకాయం తీవ్రంగా లేకపోతే బరువును అక్కడే నిలబెట్టినా, ఎత్తు పెరిగేకొద్దీ బీఎంఐ దిగుతుంది. రెండో, మూడో తరగతిలో ఉంటే అది చాలదు, డాక్టర్ పర్యవేక్షణ తప్పదు. తీపి పానీయాలు మానడం, రోజుకు గంట ఆట, వేళకు నిద్ర ఇంట్లో మొదలుపెట్టగలిగేవి. ఇంటిల్లిపాదీ పాటిస్తేనే పిల్లలు పాటిస్తారు.

కొంత బాధ్యత ఇంటి బయట ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడిలోనూ, గేటుకు 50 మీటర్ల లోపూ అమ్మకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే నిబంధన తెచ్చింది. పిల్లలు ఎంత చక్కెర తింటున్నారో తెలిపే బోర్డులు పెట్టాలని 2025లో సీబీఎస్ఈ తన బడులకు సూచించింది. మగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసే తల్లిదండ్రులు, ఒకే గదిలో కాపురం, ఆడుకోవడానికి వీధి తప్ప చోటు లేని పేటలు ఉన్నచోట 'రోజూ గంట ఆడించండి' అనే సలహా ఒక్కటే సరిపోదు. బడి మైదానం సాయంత్రం కూడా తెరిచి ఉంచడం, ఏడాదికోసారి బడిలోనే ఎత్తు, బరువు, బీపీ రాసి తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చెప్పడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. అలా రాస్తూ పోతే పిల్లవాడి గీత ఏ ఏడాది పైకి తిరిగిందో ఇంట్లోవాళ్లకు సకాలంలో తెలుస్తుంది.