పత్తి డబ్బు పోయింది, అప్పు మిగిలింది: 1875 దక్కన్ అల్లర్లు

"పెళ్ళిళ్ళకి, పండగలకి తగలేశారు, అందుకే అప్పులపాలయ్యారు." పేదవాళ్ళ గురించి ఈ మాట మనం తరచూ వింటాం. 150 ఏళ్ళ కిందట మహారాష్ట్ర రైతుల గురించీ ఇదే అన్నారు. మరి విచారణలో ఏం తేలింది? చూద్దాం.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. బ్రిటన్ మిల్లులకి పత్తి ఎక్కువగా అక్కడ్నుంచే వచ్చేది. అది ఆగగానే అందరి చూపూ బొంబాయి మీద పడింది. ధరలు ఆకాశాన్నంటాయి. దక్కన్ పల్లెల్లో షావుకార్లు పిలిచి మరీ అప్పులిచ్చారు, పత్తి వేస్తే ఎకరానికి 100 రూపాయలు అడ్వాన్సు! 1865లో యుద్ధం అయిపోయింది. ధర పడింది, కొత్త అప్పు పుట్టలేదు. ఆపైన సర్కారు శిస్తు 50 నుంచి 100 శాతం పెంచింది.

అసలు మెలిక పత్రంలో ఉంది. అప్పు పత్రం మూడేళ్ళే చెల్లాలని 1859లో చట్టం వచ్చింది. వడ్డీ పేరుకుపోకూడదని దాని ఉద్దేశం. షావుకార్లు ఏం చేశారంటే, మూడేళ్ళకోసారి కొత్త పత్రం రాయించుకున్నారు. పాత అసలు, వడ్డీ కలిపితే కొత్త అసలు!

ఇంజనీర్ని కదా, లెక్క వేసి చూశాను. నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకుందాం. 100 రూపాయలు మూడేళ్ళకి 172, ఆరేళ్ళకి 296, పన్నెండేళ్ళకి 875. రైతు కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడుకోలేదు. విచారణలో బయటపడ్డ ఒక కేసులో అయితే 100 రూపాయల అప్పుకి 2,000 పైనే వడ్డీ వేశారు.

1875 మే 12న, పుణె జిల్లా సూపాలో రైతులు షావుకార్ల మీద పడ్డారు. పత్రాలు, ఖాతా పుస్తకాలు తగలబెట్టారు. అడగ్గానే పత్రాలు ఇచ్చేసిన చోట చాలావరకు అంతటితో వదిలేశారు. వాళ్ళకి కావలసింది ఆ కాగితాలే.

తర్వాత వేసిన కమిషన్ ఏం చెప్పిందంటే, పెళ్ళి ఖర్చు ఉంది గానీ దాన్ని మరీ ఎక్కువ చేసి చెప్తున్నారు. తిండికి, విత్తనాలకి, ఎడ్లకి, శిస్తుకి చేసిన చిన్న చిన్న అప్పులే అంతకన్నా ఎక్కువగా ముంచాయి. 1879లో వచ్చిన చట్టం, పత్రం వెనకున్న అసలు లెక్క తవ్వే అధికారం కోర్టులకిచ్చింది.

ఖర్చులో జాగ్రత్త వద్దనట్లేదు. జీతం పెరగ్గానే ఈఎంఐలు పెంచుకున్నవాళ్ళని నేనూ చూశాను. ఉద్యోగం పోవచ్చు, ఈఎంఐ ఆగదు. క్రెడిట్ కార్డులో మినిమమ్ డ్యూ ఒక్కటే కట్టారంటే, మీరు నెలనెలా కొత్త పత్రం రాస్తున్నట్టే. ఈ నెల స్టేట్‌మెంట్‌లో వడ్డీ ఎంత పడిందో ఒక్కసారి చూడండి.