తొలగింపు ఉత్తర్వులోని భాష: ఫిట్జెరాల్డ్ వ్యాజ్యం

ఉద్యోగిని తొలగించే ఉత్తర్వు అసలు కారణాన్ని చెప్పడం అరుదు. పునర్వ్యవస్థీకరణ, పొదుపు వంటి మాటల చాటున అది మరుగుపడుతుంది. ఆ మాటల లోపలి అర్థాన్ని విచారణలో నిరూపించడం ఎంత కష్టమో అమెరికా వైమానిక దళంలో వ్యయ నిపుణుడిగా పనిచేసిన ఎ. ఎర్నెస్ట్ ఫిట్జెరాల్డ్ ఉదంతం తెలుపుతుంది.

1968 నవంబరులో ఆయన అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ఎదుట సాక్ష్యమిచ్చారు. సి-5ఎ రవాణా విమానాల వ్యయం అంచనాను దాదాపు 200 కోట్ల డాలర్లు మించవచ్చునా అని సెనేటర్ ప్రాక్స్‌మైర్ అడిగితే, కాదనలేదు. కొద్ది రోజులకే, అంతకుముందు ఆయనకు లభించిన ఉద్యోగ భద్రత కంప్యూటర్ పొరపాటని తెలియజేశారు. ఆయుధ వ్యయాలను లెక్కగట్టిన వ్యక్తికి థాయ్‌లాండ్‌లోని బౌలింగ్ క్రీడాశాలల ఖర్చులు చూసే పని అప్పగించారు. 1970 జనవరిలో ఆ ఉద్యోగమే రద్దయింది. చెప్పిన కారణం సిబ్బంది తగ్గింపు. వృథా ఖర్చును ఎత్తిచూపినవాడిని పొదుపు పేరిటే సాగనంపారు. అదే నెలలో శ్వేతసౌధంలో నడిచిన ఒక అంతర్గత లేఖకు మాత్రం ఈ ముసుగు లేదు. వ్యయ విషయాలలో ఆయన నైపుణ్యాన్ని ఒప్పుకొంటూనే, విధేయతలో అతి తక్కువ మార్కులు వేసింది.

ఇటువంటివారిని మన పత్రికలు ‘ప్రజావేగు’ అంటున్నాయి. వేగు రాజుకు గుట్టుగా వార్త చేరవేసేవాడు. ‘ప్రజ’ చేరడంతో ఏలిక మారాడు గాని, గూఢచర్యపు ఛాయ పోలేదు. ఫిట్జెరాల్డ్ గుట్టుగా మోసినదేమీ లేదు; నిండు సభలో అడిగినదానికి బదులిచ్చారు. ఈ పదం ఆయనకు అతకదని నా అభిప్రాయం.

1973 సెప్టెంబరులో సివిల్ సర్వీస్ కమిషన్ నిర్ణయం వెలువడింది. తొలగింపు కేవలం వ్యక్తిగత కారణాలతో జరిగిందనీ, అది నిబంధనలకు విరుద్ధమనీ తేల్చి, బకాయి జీతంతో తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని ఆదేశించింది. సాక్ష్యమిచ్చినందుకు ప్రతీకారమన్న వాదనకు మాత్రం ఆధారాలు చాలలేదన్నది. గెలుపు గెలుపే. కాని ఏ మాటను నిలబెట్టడానికి ఆయన పోరాడారో, ఆ మాటకు ఆ నిర్ణయంలో చోటు దొరకలేదు. ‘వ్యక్తిగతం’ అన్న పదం ఉత్తర్వును తప్పుపట్టింది. వెనుకనున్న ఉద్దేశాన్ని తాకకుండా వదిలింది.

అంతకు కొద్ది నెలల ముందే, 1973 జనవరి 31న, ఆ నిర్ణయం తనదేనని అధ్యక్షుడు నిక్సన్ విలేకరుల ఎదుట అన్నారు. మరునాడు ఆయన ప్రతినిధి దానిని పొరపాటుగా సవరించారు. నిక్సన్‌పై నష్టపరిహారపు దావా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అధికార హోదాలో చేసిన చర్యలకు అధ్యక్షుడిపై అటువంటి దావా చెల్లదని 1982లో అయిదుగురు న్యాయమూర్తులు అన్నారు, నలుగురు విభేదించారు. ఫిట్జెరాల్డ్‌కు పూర్వపు హోదా దక్కింది కూడా ఆ సంవత్సరమే.