మచిలీపట్నం గ్రహణం నుంచి క్వాసార్ల దాకా: గీతల్లో వాయువు జాడ

1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కృష్ణా డెల్టా మీదుగా సాగింది. గుంటూరు, గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ఆ దారిలోనివే. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, బ్రిటిష్ సైనికాధికారి టెన్నాంట్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నాన్ని ఎంచుకున్నారు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్లారు. 1864 నవంబరు ఉప్పెనలో సుమారు 30 వేల ప్రాణాలు పోయిన తరువాత ఆ రేవు పట్టణానికి అది నాలుగో ఏడు.

గ్రహణ సమయంలో సూర్యుని అంచున కనిపించే ఎర్రని జ్వాలలు ఏమిటన్నదే అప్పటి ప్రశ్న. వేడెక్కిన పలుచని వాయువు కాంతిని వర్ణపటదర్శినిలో చూస్తే విడివిడి ప్రకాశ గీతలు వస్తాయి. జ్వాలల్లో ఆ గీతలే కనిపించాయి. అవి వాయువని, అందులో హైడ్రోజన్ ఉందని తేలింది.

పసుపు గీత ఒక్కటే చిక్కు తెచ్చింది. సోడియం 'డి' గీతలు 5890, 5896 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద ఉంటాయి; ఇది 5876 వద్దది. దొరికిన ఐదారు నిమిషాల్లో ఇంత చిన్న తేడాను పట్టడం తేలిక కాదు. పాగ్సన్ దాని స్థానాన్ని 'డి' వద్ద గానీ, దానికి సమీపంలో గానీ అని నమోదు చేశారు. ఆ జాగ్రత్త మెచ్చుకోదగినదే, కానీ ఆయన నివేదికకు ఐరోపాలో పెద్దగా ప్రచారం రాలేదు.

జాన్సెన్ గుంటూరులో హీలియం కనుగొన్నారని అనేక పుస్తకాలు రాస్తాయి. ఇది సరికాదు. గ్రహణం లేకుండానే జ్వాలలను చూడవచ్చని మరునాడే నిరూపించడం ఆయన ఘనత. పసుపు గీత కొత్త మూలకానిదన్న వాదం ఇంగ్లండులో లాక్యర్‌ది. చాలామంది నమ్మలేదు. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును రాబట్టాకే సందేహం తీరింది.

నేటి దూర గెలాక్సీల అధ్యయనమూ ఇదే దారిన నడుస్తోంది. గెలాక్సీలు ఢీకొని కలిసేటప్పుడు వాయువు కేంద్రం వైపు జారి, కొత్త నక్షత్రాలకూ కృష్ణబిలానికీ మేత అవుతుంది. అయితే చల్లని హైడ్రోజన్ అణువు దాదాపు కాంతినివ్వదు. అందుకే దానితో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్ గీతలను రేడియో దుర్భిణులతో వెతుకుతారు. 2003లో ప్రకటించిన ఒక పరిశీలనలో, 1,280 కోట్ల సంవత్సరాలకు పైగా ప్రయాణించి వచ్చిన క్వాసార్ కాంతిలో ఈ గీత దొరికింది. దాని అరుణ విస్థాపనం 6.42. బయలుదేరినప్పుడు 345.8 గిగాహెర్ట్జ్‌గా ఉన్న గీత ఇక్కడికి చేరేసరికి ఎంతైందో తెలియాలంటే 7.42తో భాగించి చూడండి: సుమారు 46.6 వస్తుంది.