రుణబంధం: దత్తమండలాల్లో దాస్యం, రాజకీయ విప్లవాలు

ఉపోద్ఘాతం

దాస్య చరిత్ర తరచుగా చట్టాల తేదీల వెంట నడుస్తుంది. 1833లో బ్రిటిష్ పార్లమెంటు తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ, ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని భూభాగాలను మినహాయించింది. ఆ లోటును 1843 నాటి ఐదవ చట్టం పూడ్చిందని చెబుతారు. ఈ తేదీలను మాత్రమే చూస్తే, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని కనగానపల్లి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతానికి దాస్య చరిత్రలో చోటే దొరకదు. వానను నమ్ముకున్న ఈ మెట్ట సీమలో మనిషిని మనిషికి కట్టిపడేసిన ప్రధాన సాధనం అప్పు. యాజమాన్యాన్ని కూలదోసిన చట్టాలూ తిరుగుబాట్లూ అప్పును ఏమి చేశాయన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పదాల సాక్ష్యం

తెలుగులో దాస్యానికి ఒకే మాట లేదు. బానిస, తొత్తు, ఊడిగం, వెట్టి, జీతగాడు అనే మాటలు వేర్వేరు సంబంధాలను చెబుతాయి. సంస్కృత 'విష్టి' నుంచి వచ్చిన వెట్టి, రాజ్యానికో గ్రామాధికారికో కూలి లేకుండా చేయవలసిన పని. జీతం అంటే నేడు ఉద్యోగి వేతనం. పల్లె వాడుకలో 'జీతానికుండటం' అంటే ఏడాది పొడవునా ఒక రైతు ఇంటిని అంటిపెట్టుకొని చాకిరి చేయడం. ముందుగా తీసుకున్న అప్పు తీరకపోతే ఆ ఏడాది మరో ఏడాదిలోకి జారుతుంది; తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకుంటుంది. ఒకే మాట గౌరవప్రదమైన ఉద్యోగానికీ ఈ బంధానికీ చెల్లడం నిఘంటుకర్తలు మరికొంత శ్రద్ధ పెట్టవలసిన విషయం.

ఈ బంధం ఆంగ్లేయుల కాలంలో పుట్టినది కాదు. నారదస్మృతి పేర్కొన్న పదిహేను రకాల దాసుల్లో రుణవిముక్తి కోసం దాస్యంలోకి వచ్చినవాడూ ఉన్నాడు. పదిహేనవ శతాబ్ది తొలిపాదంలో విజయనగరాన్ని చూసిన ఇటలీ యాత్రికుడు నికోలో కాంటి, అప్పు తీర్చలేనివాడు అప్పిచ్చినవాడి సొత్తవుతాడని ఈ దేశపు ఆచారాల గురించి రాశాడు. 1565 తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. అంటే ఈ సీమ ఆ రాజ్యపు అంచు కాదు, కొంతకాలం దాని నడిబొడ్డు.

పాళెగాళ్ళ పతనం

1800 అక్టోబరులో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేశాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఉన్నాడు. సుమారు ఎనభై మంది పాళెగాళ్ళను ఆయన అణచివేశాడు. కొందరికి పింఛను ఇచ్చాడు, కొందరిని వెళ్ళగొట్టాడు. దీన్ని పైనుంచి దిగిన రాజకీయ విప్లవం అనవచ్చు. కోటలూ సాయుధ బలగాలూ పోయాయి. రైత్వారీ పద్ధతిలో రైతుకు, ప్రభుత్వానికి మధ్య దొర లేకుండా పోయాడు.

అయితే శిస్తు నగదులో, కిస్తుల గడువుకు కట్టాలి. వాన మాత్రం గడువు పాటించదు. శిస్తు భారాన్ని నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రోయే సిఫారసు చేశాడంటే దాని బరువు తెలుస్తుంది. పాళెగాడు ఖాళీ చేసిన చోటులోకి వడ్డీవ్యాపారి ప్రవేశించాడు. రైతు అతనికి బాకీపడ్డాడు, జీతగాడు రైతుకు బాకీపడ్డాడు. పట్టా లేని జీతగాడు మన్రో లెక్కల్లో ఎక్కడా కక్షిదారు కాడు.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు ఈ మార్పుకు ఆలస్యంగా వచ్చిన ప్రతిస్పందన. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల పింఛను పొందుతున్న ఆయనకు, కుటుంబంలోని మరో శాఖ పింఛను నిలిచిపోవడం తక్షణ కారణం. ఇనాములు పోగొట్టుకున్న కట్టుబడులు ఆయన వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. ఆ సాహసాన్ని తక్కువ చేయనవసరం లేదు. కానీ ఆ పోరాటం కోరినది పోయిన హక్కుల పునరుద్ధరణ. జీతగాడి అప్పుపత్రం దాని జాబితాలో లేదు. తిరుగుబాటును ప్రజావిముక్తి ఉద్యమంగా వర్ణించే నేటి రచనలు ఈ తేడాను దాటవేస్తున్నాయి.

చట్టం ఒక చేత్తో, శిక్ష మరో చేత్తో

1843 చట్టం బానిసలను విడుదల చేస్తున్నట్లు ప్రకటించలేదు. బానిసపై యజమాని హక్కును న్యాయస్థానాలు అమలు చేయరాదన్నది; బానిసన్న కారణంతో ఎవరి ఆస్తినీ లాక్కోరాదన్నది. అప్పుకు చేసే చాకిరి ఒప్పందంగా కనిపిస్తుంది కాబట్టి అది చట్టం చూపుకు ఆనలేదు. పదహారేళ్ళకు, 1859లో వచ్చిన పదమూడవ చట్టం ఇంకా ముందుకు వెళ్ళింది. బయానా తీసుకొని పని మానిన చేతిపనివాడు, కూలీ నేరస్థులయ్యారు. మేజిస్ట్రేటు పనికి వెళ్ళమని ఆదేశించవచ్చు, మాట వినకపోతే ఖైదు చేయవచ్చు. ప్రధాన నగరాల కోసం చేసిన ఈ చట్టాన్ని ఇతర ప్రాంతాలకు విస్తరించే వీలుంచారు. 1920ల నడుమ దాకా అది నిలిచింది. బానిసత్వాన్ని గుర్తించనన్న రాజ్యమే బాకీని కాపలా కాసింది. 1876–78 నాటి కరువు బళ్ళారి, కడప, కర్నూలు మండలాలను కుదిపేసింది. అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్ళారిలో భాగం. 1882లోగాని ప్రత్యేక జిల్లా కాలేదు. కరువులో అప్పు కోరిక కాదు, గింజ.

విప్లవం తరువాతి బాకీ

ఈ తర్కం ఒక్క రాయలసీమది కాదు. 1791లో తిరగబడిన హైతీ బానిసలు 1804లో స్వతంత్ర రాజ్యం స్థాపించారు. బానిసలు తామే గెలుచుకున్న రాజ్యం అది. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలను పంపి, మాజీ యజమానుల నష్టానికి 15 కోట్ల ఫ్రాంకులు చెల్లించాలని షరతు పెట్టింది. తరువాత మొత్తం తగ్గినా, దాన్ని తీర్చడానికి చేసిన అప్పుల అవశేషం 1947 వరకు సాగింది. సంకెళ్ళు తెంచుకున్నవాడికే సంకెళ్ళ వెల కట్టారు.

తెలంగాణలో పరిణామం మరోలా నడిచింది. దేశ్‌ముఖులు ఊరివారి చేత చేయించుకున్న వెట్టికీ, అప్పుకు కట్టుబడిన భాగేలా పద్ధతికీ తేడా ఉంది. భాగేలా ఒప్పందాలను నియంత్రించే నిబంధన 1936లోనే వచ్చింది. గ్రామంలో దాన్ని అమలు చేయవలసినవారు పటేలు, పట్వారీలే కావడంతో అది కాగితంగా మిగిలింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం తరువాత సంఘం ఊరూరా బలపడింది. వెట్టి ఆగింది, అప్పుపత్రాలు మంటల్లో కలిశాయి, భూమి పంపకం మొదలైంది. 1948 తరువాత సైన్యం అండతో తిరిగివచ్చిన భూస్వాములు చాలా భూమి వెనక్కి తీసుకున్నారు. పాత రూపంలోని వెట్టిని మాత్రం మళ్ళీ నిలబెట్టలేకపోయారు. భూమి లాక్కోవడానికి పోలీసు చాలు. వెట్టికి లోబడే మనిషి కూడా కావాలి. అతడు అప్పటికే మారిపోయాడు.

రాయలసీమకు అటువంటి ఘట్టం లేకపోవడమే ఇక్కడి జీతాల దీర్ఘాయువుకు ఒక కారణమని భావించవచ్చు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం అప్పునే గురిచూసిన తొలి దేశవ్యాప్త శాసనం. అది బాకీని రద్దు చేసింది; అది వెట్టి బాకీ కాదని రుజువు చేసే భారాన్ని అప్పిచ్చినవాడిపై పెట్టింది. అయితే విడుదల పత్రం కోసం బాధితుడు ఎక్కవలసిన మెట్లు కలెక్టరు కార్యాలయానివి. 1982లో ఆసియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, ఆకలి వల్ల కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయడం కూడా బలవంతపు చాకిరియే అని ఇరవై మూడవ అధికరణానికి విస్తృతార్థం చెప్పింది.

ధర్మవరం పట్టుమగ్గాల దగ్గర ఆ అర్థానికి ఇంకా పని ఉంది. పట్టునూలూ డిజైనూ బయానా ఇచ్చే మాస్టర్ వీవర్ దగ్గర నేసే కార్మికుడు, ఆ బాకీ తీరేవరకు వేరొకరి మగ్గం పట్టడం కష్టం. దీన్ని దాస్యమని పిలవడం తొందరపాటే. అతడు ఊరు విడిచి బెంగళూరు వెళ్ళగలడు, చాలామంది వెళుతున్నారు కూడా. కానీ వెళ్ళేముందు ఆ బాకీని ఎవరి పేరున రాసి వెళుతున్నాడన్నది నేతకార్మికులపై పరిశోధన చేసేవారు మొదట అడగవలసిన ప్రశ్న.