రాకాసి గుళ్ళు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలంలోని జానంపేట పరిసరాల్లో, రాతి పలకలను గదిలా నిలిపి, పైన పెద్ద బండ కప్పి, చుట్టూ రాళ్ళను వలయంగా పేర్చిన ఇనుపయుగపు సమాధులను జనం రాకాసి గుళ్ళు అంటారు. ‘రాకాసి’ సంస్కృత ‘రాక్షసి’కి తద్భవం, అంటే రూపం మారి తెలుగులో స్థిరపడిన మాట. ‘గుడి’కి దేవాలయమనే కాక వలయమనే అర్థమూ ఉన్నందున, చంద్రుని చుట్టూ కనిపించే కాంతివలయం వరదగుడి అయింది; రాళ్ళ వలయాలున్న ఈ సమాధులూ అలాగే గుళ్ళు అయి ఉండవచ్చు. మనుషులు ఎత్తలేరనిపించే ఆ బండలు రాకాసులను తలపించి ఉండవచ్చు గాని, వాటిని మోసినవారు మనుషులే. పేర్లు చెక్కే అలవాటు లేని ఆ కాలంలో, తమవారి కోసం ఒక సమూహమంతా పడిన శ్రమే ఆ జీవితాలకు మిగిలిన సాక్ష్యం కనుక, నిధుల ఆశతో ఆ సమాధులను తవ్వడమంటే వారి స్మృతిని శాశ్వతంగా చెరిపివేయడమే.